సాక్ష్యంలో కోసేసిన సగం

హామిల్టన్, ఒహాయో
మే 7, 1972

వెర్లీన్‌కి,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన నారింజల బుట్ట అందింది. అప్పుడే జవాబు రాయాల్సింది, రాయలేదు. పళ్ళు బాగున్నాయి.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. నిన్న మిల్లులో షిఫ్టు అయ్యాక క్లీట్ నన్ను కార్లలో కూర్చుని బొమ్మ చూసే ఆ డ్రైవ్-ఇన్‌కి లాక్కెళ్ళాడు. క్లీట్ అంటే నా పక్క మిషన్ మీద పనిచేసేవాడు, నీకు తెలుసు, నాడీన్ పోయినప్పుడు శవపేటిక మోశాడు. "పెళ్ళాం పోయినప్పటి నుంచీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటావెందుకు, రారా, రెండు బొమ్మలు ఒకే టికెట్‌కి" అన్నాడు. మొదటిది మోటారు సైకిళ్ళ గోల. రెండోది 'నరకపు సూది'. మత్తుమందుల గురించి. అలాంటిది ఎవడు తీస్తాడో, ఎందుకు తీస్తాడో నాకు అర్థం కాలేదు. సగం బూతు, సగం బైబిలు.

అందులో ఒక పిల్ల ఉంది. అచ్చం జెనెల్‌లా ఉంది. కన్న కూతురి పోలిక నాకు తెలియదా.

చివర్లో అక్షరాలు పడ్డాయి. పాలాట్కాలో ఒక సంఘానికి కృతజ్ఞతలు అని ఉంది. పాలాట్కా మీ ఊరు. నీకేమైనా తెలుసా? ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తిప్పి పెట్టేశాను. మీ ఫోను చర్చి ఆఫీసులో ఉంటుంది, అందరూ వింటారు. ఉత్తరమే రాయి.

ఆరిన్

పాలాట్కా, ఫ్లోరిడా
మే 14, 1972

ప్రియమైన అన్నయ్యకి, ప్రభువు నామంలో శుభాలు.

నీ చేతిరాత కవరు మీద చూడగానే ఎవరో పోయారనుకున్నాను. నువ్వు ఊరికే ఉత్తరం రాసే మనిషివి కావు కదా! ముందు నీ ఆరోగ్యం సంగతి రాయి. మోకాలు ఎలా ఉంది?

సినిమా సంగతికొస్తే, అవును, ఫిబ్రవరిలో మా సంఘంలో ఒక సినిమా తీశారు. అది ఇంత కథ. రెక్స్ అని జాక్సన్‌విల్ నుంచి ఒకాయన వచ్చాడు. ఇదివరకు స్నానాల బట్టల సినిమాలు తీసేవాడట, ఇప్పుడు మారుమనస్సు పొందానని మావారి ముందు మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. మత్తుమందుల పిల్లల్ని ప్రభువు దగ్గరికి తెచ్చే సినిమా తీస్తానన్నాడు. డ్వైట్ సంగతి నీకు తెలుసుగా, పాస్టర్ అయినా పసిపిల్లాడు, వెంటనే చర్చి తాళాలు చేతిలో పెట్టారు. పదకొండు రోజులు ఇరవై మందికి నేనే వండాను. రోజూ కోడి, అన్నం కలిపి ఒకే పెద్ద గిన్నెలో. నరకాన్ని బంగాళాదుంపలు వేరుచేసే షెడ్డులో కట్టారు. ఎర్ర కాగితాలూ, పొగా. సైతాను వేషం వేసినాయన పాత కార్లు అమ్ముకునే మనిషి, పొగకి దగ్గొచ్చి మాటిమాటికీ "ఆపండయ్యా" అనేవాడు. డ్వైట్ పాస్టర్‌గానే నటించారు. చచ్చిపోయిన పిల్ల మీద ఆయన ప్రార్థన చేస్తే ఆ పిల్ల పెట్టెలోంచి లేస్తుంది. అది నిజంగా లేవడమో కలో నాకైతే తెలియలేదు. రెక్స్‌ని అడిగితే "ఎవరి విశ్వాసం వాళ్ళది సిస్టర్" అన్నాడు.

కానీ అన్నయ్యా, మా సినిమా పేరు 'గుమ్మం ముందు వెలుగు'. ఏప్రిల్‌లో మా హాల్లోనే వేశారు. అందులో బూతు లేదు. చూసి ఏడుగురు ముందుకొచ్చి రక్షణ పొందారు. కాబట్టి నువ్వు చూసింది వేరే ఏదో అయ్యుంటుంది, పేరు పొరపాటుగా వేసుంటారు.

ఇక జెనెల్‌లా ఉన్న పిల్ల అంటావా, పొడుగు జుట్టు పాపిడి తీసుకుంటే ఈ కాలం పిల్లలందరూ ఒకేలా ఉంటారు. ఇప్పుడు జుట్టు కత్తిరించేసింది కాబట్టి సరిపోయింది కానీ, అప్పుడు నాకే ఒకరికొకరు తేడా తెలిసేది కాదు.

వేడి మొదలైంది. కాలికి నూనె రాసుకో.

నీ చెల్లెలు,
వెర్లీన్

హామిల్టన్
మే 20, 1972

వెర్లీన్‌కి,

నేను చూసిన దాంట్లో మీ ఆయన ఉన్నాడు. ఆ నల్ల కోటు, ఆ ముక్కుతో మాట్లాడటం, పొరపాటు పడే అవకాశం లేదు. నరకం గోడలకి దుంపల గోనెసంచులు వేలాడుతున్నాయి. సైతాను దగ్గుతున్నాడు. కాబట్టి సినిమా అదే.

కానీ పెట్టెలోంచి ఎవరూ లేవలేదు. పిల్ల చచ్చిపోయింది, మట్టి వేశారు, అంతే. మధ్యలో ఆ పిల్ల నదిలో స్నానం చేసే ముక్క ఒకటి ఉంది. వెనక నుంచి తీశారు. ఒంటి మీద నూలుపోగు లేదు. చుట్టూ కార్లలో కుర్రాళ్ళు ఈలలు వేశారు. క్లీట్ ముఖం అటు తిప్పుకున్నాడు. వాడూ గుర్తుపట్టాడు, అందుకే తిప్పుకున్నాడు.

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. "ఇప్పుడు జుట్టు కత్తిరించేసింది" అని రాశావు. ఎవరు కత్తిరించేసింది? ఇప్పుడు అంటే ఎప్పుడు?

చిన్నప్పటి నుంచీ నీకు అబద్ధం చెప్పడం రాదు. చుట్టూ తిరిగి తిరిగి మాట్లాడతావు, మధ్యలో నిజం జారిపోతుంది. నా కూతురు మీ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంది?

ఏడాదిన్నరగా ఏ కాలువలో తేలిందో అనుకుంటూ పడుకుంటున్నాను. నువ్వు నారింజలు పంపావు.

ఆరిన్

పాలాట్కా
మే 28, 1972

అన్నయ్యా,

నువ్వు తిట్టినా పడతాను. క్రిస్మస్‌కి మూడు వారాల ముందు వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చింది, ఒక సంచీ, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. మోచేతుల లోపల మచ్చలు. తలుపు తీయగానే "అత్తా, నన్ను గుర్తుపట్టావా?" అంది. గుర్తుపట్టలేదన్నయ్యా, మొదట గుర్తుపట్టలేదు. నారింజల బుట్ట సర్దిన చేతులు ఆ పిల్లవే. చీటీ మీద నా పేరొక్కటే రాయమంది.

"నాన్నకి ఉత్తరం రాశావంటే ఆ రోజే వెళ్ళిపోతాను" అంది. ఎందుకే అంటే చెప్పదు. నాడీన్ పోయాక మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేశారని, ఆ మత్తు సావాసం పట్టి ముందటేడు నవంబరులో ఇల్లు వదిలి పోయిందని నువ్వు రాసిందే నాకు తెలుసు. నేనేం చేయను? రాస్తే పోతుంది, రాయకపోతే నీకు ద్రోహం. ఉన్న పిల్లని ఉంచుకుందామనుకున్నాను. రెండు వారాలు వణికింది, వాంతులు చేసుకుంది. జనవరిలో నదిలో బాప్తిస్మం తీసుకుంది, అంత చలిలోనూ నవ్వుతూ లేచింది. మే నెలంతా దుంపల షెడ్డులో పనిచేసింది. అన్నం బాగా తింటోంది.

ఆ స్నానం సంగతికొస్తే, అది తను కాదు. రెక్స్ ఇక్కడ అలాంటిదేదీ తీయలేదు, నేను పదకొండు రోజులూ అక్కడే ఉన్నాను. నీకు గుర్తుందా, ఆరేళ్ళప్పుడు కంచె మీంచి పడి తన కుడి భుజం వెనక చీరుకుపోయింది, నువ్వే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తావు. పదమూడు కుట్లు. ఆ మచ్చ ఇప్పటికీ వేలంత ఉంది. నువ్వు చూసిన వీపు మీద అది ఉందా?

తనకి నీ ఉత్తరాల సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పాలో వద్దో తోచడం లేదు. డ్వైట్‌కీ చెప్పలేదు.

వెర్లీన్

హామిల్టన్
జూన్ 10, 1972

వెర్లీన్‌కి,

మళ్ళీ వెళ్ళాను. ఒక్కడినే. ఆ సినిమా ఇక్కడ అయిపోయి మిడిల్‌టౌన్‌లో ఆడుతోంది. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, సొంత కూతురి వీపేమోనని ఒక నగ్నమైన వీపు వెతుక్కోవడానికి టికెట్ కొనుక్కున్నాను. ఇది ఎవరికీ చెప్పకు.

మచ్చ లేదు. నున్నగా ఉంది. ఎవరో వేరే అమ్మాయికి విగ్గు పెట్టారు. నేను స్పీకరు కిటికీకి తగిలించి, తల స్టీరింగ్ మీద పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. పక్క కారావిడ "ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. సినిమా మొదలవగానే ఆ పిల్ల కుర్చీలో కూర్చుని కెమెరా వంక చూసి మాట్లాడుతుంది. అది నటన కాదు. తనే. అందుకే "అచ్చం జెనెల్‌లా" అని రాశాను, జెనెల్ అని రాయడానికి చెయ్యి రాలేదు. తను అన్న మాటలు ఇవి. రెండుసార్లు విన్నాను, నోటికి వచ్చేశాయి:

"మా నాన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ఇద్దరు మనుషులు వచ్చి నన్ను వంటింట్లోంచి తీసుకెళ్ళారు. అక్కడ తలకి కరెంటు తీగలు పెట్టారు. వారానికి మూడుసార్లు. తర్వాత ఒక రోజు మా అమ్మ పేరు గుర్తు రాలేదు. రోజంతా కూర్చుని ఆలోచించినా రాలేదు."

ఆ తర్వాత వెంటనే గిటారు మోగుతుంది, సూది చూపిస్తారు. చుట్టూ కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. మెచ్చుకోవడానికో ఎగతాళికో.

వెర్లీన్, తను నవంబరులో ఇల్లు వదిలి పోలేదు. నేను నీకు అబద్ధం రాశాను. వంటింట్లో నేల మీద నురగలు కక్కుతుంటే చూశాను. మిల్లు డాక్టరు పెద్ద ఆస్పత్రి ఒకటుందన్నాడు, పన్నెండు వారాల్లో మామూలు మనిషిని చేస్తారన్నాడు. సంతకం పెట్టాను. తీగల సంగతి కాగితంలో ఉందట, నేను చదవలేదు. పోయినేడు మార్చిలో ఇంటికి తెచ్చాను. మూడో రోజు పొద్దున చూస్తే మంచం ఖాళీ.

నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒహాయో మొత్తం కార్లలో కూర్చుని వింటోంది.

ఆరిన్

పాలాట్కా
జూన్ 19, 1972

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి దుంపలు తొక్క తీస్తూ తీస్తూ మొత్తం బుట్టెడు తీసేశాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం.

నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు. అనాలని ఉంది, కానీ రాయబోతే నేను నా ఇంట్లో దాచిన సంగతి గుర్తొస్తోంది. అందుకని ఊరుకుంటున్నాను.

కానీ నాకు ఒకటి అర్థం కావడం లేదు. నువ్వు రాసిన మాటలు మా సినిమాలో లేవు. మా దాంట్లో ఆ పిల్ల అదే కుర్చీలో కూర్చుంది, మాట్లాడింది, కానీ వేరే మాటలు. ఆ రోజు రెక్స్ గది తలుపులు వేసేసి తనని ఒక్కదాన్నే కూర్చోబెట్టి తీశాడు, అందుకే ఏం చెప్పిందో మాకెవరికీ తెలియదు. బయటికొచ్చి రెక్స్ కళ్ళు తుడుచుకున్నాడు, అది మాత్రం చూశాను.

నిన్న జాక్సన్‌విల్‌కి ఫోన్ చేశాను. కడిగేశాను. "ఆ వీపు ఎవరిది? మా పిల్ల మాటలు కోసేసే హక్కు నీకెవరిచ్చారు?" అన్నాను. కాదనలేదు. "సిస్టర్, ఒక సినిమాలోంచి రెండు చేశాను. ఒకటి ఆత్మల్ని రక్షిస్తుంది. ఇంకోటి దాన్ని పోషిస్తుంది. ఆ పిల్ల సాక్ష్యం చాలా పెద్దది, మొదటి సగం అటు వేశాను, రెండో సగం ఇటు వేశాను" అన్నాడు. ఆగి, "దేవుడు నన్ను క్షమించాడో లేదో నాకూ తెలియట్లేదు, మీవారిని అడిగి చెబుతారా?" అన్నాడు. వెక్కిరింపు కాదన్నయ్యా. నిజంగానే అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మా సగం ఇది. నేను మూడుసార్లు చూశాను కాబట్టి తేడా ఉండదు:

"ఆదివారం మధ్యాహ్నాలు కిటికీలోంచి చూస్తే బయట ఒక ఆకుపచ్చ పికప్ ట్రక్కు ఉండేది. లోపల ఒకాయన కూర్చునుండేవాడు. ముఖం కనిపించేది కాదు. మంచు పడుతున్నా ఉండేవాడు. దిగేవాడు కాదు, వెళ్ళిపోయేవాడూ కాదు. చీకటి పడ్డాకే బండి కదిలేది. నా పేరే నాకు సరిగ్గా తెలియని రోజులవి, కానీ ఆయన నా కోసమే వచ్చాడని తెలిసేది. ఎవరో నా కోసం చలిలో కూర్చున్నారంటే నేను ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. అది తలుచుకునే బతికాను."

అక్కడ పాట మొదలవుతుంది. ఏ కిటికీయో, ఏ ఊరో ముందు మాట లేదు కదా, మా వాళ్ళు తలా ఒక మాట అన్నారు. సంఘపెద్ద భార్య యూలా ఎవడో ప్రియుడు అంది. ఎక్కువ మంది ఆయన ప్రభువే అన్నారు. డ్వైట్ దాని మీద ఒక ఆదివారం ప్రసంగమే చేశారు, మన గుమ్మం బయట చలిలో కాచుకుని కూర్చున్న ప్రభువు గురించి. ఏడవని వాళ్ళు లేరు. జెనెల్ మాత్రం ఏడవలేదు, ఆయన వంక అలా చూస్తూ కూర్చుంది.

అన్నయ్యా, నాడీన్ పోయినప్పుడు నువ్వు మమ్మల్ని బస్సు స్టేషను నుంచి తీసుకొచ్చావు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. ఆ బండి ఏ రంగు?

వెర్లీన్

హామిల్టన్
జూన్ 27, 1972

వెర్లీన్‌కి,

ఆకుపచ్చ.

పదకొండు ఆదివారాలు. పన్నెండోసారి బండి కదల్లేదు. గేరుబాక్సు పోయింది, అమ్మేశాను, తనని క్లీట్ కారులో ఇంటికి తెచ్చాను. అందుకే తను ఆ బండి మళ్ళీ చూడలేదు. పన్నెండో ఏటి నుంచి ఎక్కి తిరిగిన బండి, మర్చిపోయింది.

అక్కడ కూర్చున్నట్టు నేను ఎవరితోనూ అనలేదు. తను చూస్తోందని నాకు తెలియదు.

తనతో చెప్పు. లేదా చెప్పొద్దు. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. నాకు తెలియడం లేదు.

ఆరిన్

పాలాట్కా
ఆగస్టు 15, 1972

అన్నయ్యా,

జూన్ తర్వాత నువ్వు ఇంకో నాలుగు ఉత్తరాలు రాశావు, నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. సిగ్గుతో రాయలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జులై రెండో తేదీ ఆదివారం. ఆరాధన మధ్యలో యూలా లేచి నిలబడింది. వాళ్ళ మేనల్లుడు జాక్సన్‌విల్‌లో ఆ రెండో సినిమా చూశాడట. "పాస్టరుగారూ, మనం బాప్తిస్మమిచ్చిన పిల్ల నదిలో బట్టల్లేకుండా ఊరందరికీ కనబడుతోంది. మీరూ ఉన్నారు అందులో" అంది. విసనకర్రలు ఊపుకుంటున్న చేతులు ఆగిపోయాయి.

జెనెల్ లేచింది. "అది నా వీపు కాదు" అంది. అంతే.

డ్వైట్‌కి ఆ రెండో సినిమా సంగతి నేను అప్పటికీ చెప్పలేదన్నయ్యా. ఏం చేయాలో తెలియక, "నీది అయినా కాకపోయినా సంఘానికి మచ్చ వచ్చింది, ముందుకొచ్చి అందరి ముందూ క్షమాపణ అడుగమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు. "చేయని దానికా మామయ్యా?" అంది. "అడిగితే పోయేదేముంది" అన్నారు.

అప్పుడు నా వంక చూసింది. నీ జూన్ ఉత్తరం నా సంచీలోనే ఉంది. మచ్చ లేదని, విగ్గు అని నీ చేత్తో రాసింది. లేచి చదివితే చాలు. లేవలేదు. ఇన్నాళ్ళూ దాచిందంతా బయటపడుతుందని, పాస్టరు భార్య ఇలా చేసిందా అంటారని. పాటల పుస్తకం తెరిచి పేజీలు తిప్పాను, ఏ పాటో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున వంటింటి బల్ల మీద తాళంచెవి ఉంది. "అత్తా, నన్ను ఇంట్లో పెట్టుకున్నావు, మర్చిపోను" అని చీటీ. ఆ మధ్యాహ్నమే "ఆకుపచ్చ" అని నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది. ఒక్క పూట.

తర్వాతి ఆదివారం నేను లేచి మొత్తం చెప్పాను. డ్వైట్ ఆ రోజు ప్రసంగం చేయలేకపోయారు. రాత్రుళ్ళు వరండాలో కూర్చుంటున్నారు. "వెర్లీన్, సైతాను దగ్గుతుంటే నేను నవ్వాను, గుర్తుందా?" అంటారు. అంటే ఏమిటో నాకు తెలియదు. యూలా ఒక కేకు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఎవరికి కోపం, ఎవరికి పశ్చాత్తాపం, మాకే అంతుపట్టడం లేదు.

నిన్న కార్డు వచ్చింది. జార్జియాలో బ్రన్స్‌విక్, ఓడరేవు పక్కన రొయ్యల షెడ్డులో పని. అడ్రసు రాసింది. ఎవరికీ చెప్పొద్దని ఈసారి రాయలేదు. నాలుగుసార్లు తిప్పి చూశాను, రాయలేదు.

అందుకే కింద ఆ అడ్రసు రాస్తున్నాను. తనకి నేను ఇంకా ఏమీ రాయలేదు. బండి సంగతి చెప్పాల్సింది నేను కాదు.

వెర్లీన్

బ్రన్స్‌విక్, జార్జియా
సెప్టెంబరు 4, 1972

వెర్లీన్‌కి,

మిల్లులో రెండు వారాలు సెలవు అడిగాను. క్లీట్ తన షిఫ్టు మార్చుకున్నాడు. మంగళవారం ఇక్కడికి చేరాను. రోడ్డు పక్కన గదుల్లో దిగాను.

షెడ్డు వెతకడం కష్టం కాలేదు, వాసనే తీసుకెళ్ళింది. ఇరవై మంది ఆడవాళ్ళు రబ్బరు ఆప్రాన్లు కట్టుకుని పొడుగు బల్ల చుట్టూ నిలబడి రొయ్యల తలలు తుంచుతున్నారు. రెండు చేతులతో రెండేసి. జెనెల్ చివర్న ఉంది. జుట్టు మగపిల్లాడిలా ఉంది. నన్ను చూసింది. చేతులు ఆగలేదు. ముందున్న కుప్ప మొత్తం అయ్యేదాకా తుంచి, చేతులు కడుక్కుని, అప్పుడు బయటికొచ్చింది. పక్కనున్న నల్లావిడ "ఎవరే?" అంటే "మా నాన్న" అంది. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

రేవు చెక్కల మీద కూర్చున్నాం. నేను దారి పొడుగునా మాటలు తయారుచేసుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "సంతకం పెట్టింది నేనే" అన్నాను.

"తెలుసు" అంది.

"సినిమాలో విన్నాను."

"ఏ సినిమాలో?"

"సూది దాంట్లో. రెండో సగం మీ అత్త రాసి పంపింది. ఆ బండి సంగతి." ఇక చెప్పేశాను. "ఆ బండి నాదే జెనెల్. అందులో ఉన్నది నేనే."

తను నమ్మలేదు. "ఎక్కడ నిలబెట్టేవాడివి?" అంది.

"బాయిలరు గది పక్కన. బొగ్గు కుప్ప దగ్గర. పొగగొట్టం వెచ్చగా ఉంటుందని."

తను నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రొయ్యల వాసన చెయ్యి. బొగ్గు కుప్ప సంగతి సినిమాలో చెప్పలేదట, ఎవరికీ చెప్పలేదట. నాకేం తెలుసు. తర్వాత చెప్పింది. "నర్సుని అడిగాను. అక్కడ బండేమీ లేదంది. డాక్టరు కూడా లేదన్నాడు, తలలో అలాంటివి వస్తాయి, తగ్గిపోతాయి అన్నాడు. నేను పిచ్చిదాన్నే అనుకున్నాను. రెక్స్ అడిగితే చెప్పాను కానీ నిజమో కాదో తెలియకుండానే చెప్పాను."

"నిజమే. పదకొండు వారాలు."

"లోపలికి ఎందుకు రాలేదు?"

మొదటి ఆదివారం వచ్చాను వెర్లీన్. నీకు కూడా ఇది రాయలేదు. తనకి చెప్పాను. హాల్లో కుర్చీలో కూర్చునుంది. నేను ఎదురుగా నిలబడ్డాను. నా వంక చూసి చాలా మర్యాదగా, "ఎవరి కోసం చూస్తున్నారండీ?" అంది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. మళ్ళీ ఆ తలుపు దాటలేకపోయాను. ఇంటికీ పోలేకపోయాను.

"నాకు గుర్తు లేదు" అంది. "లేదని తెలుసు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నేను చెయ్యి వేయబోతే వద్దంది. తర్వాత ఉన్నట్టుండి కోపంగా లేచి నిలబడింది. "మామయ్య అది ప్రభువు అన్నాడు. అందరూ అన్నారు. నేను కూడా అయ్యుండొచ్చు అనుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా రోజూ ఆ బండినే తలుచుకుని ప్రార్థన చేస్తున్నాను. నాకు పిచ్చి లేదని ఇప్పుడు చెప్పావు, బాగుంది. మరి ఇన్నాళ్ళూ నేను ప్రార్థన చేసింది ఎవరికి? నీకా, దేవుడికా?"

నాకేం తెలుసు? నేను చర్చికి వెళ్ళి పదేళ్ళయింది. "తెలీదమ్మా" అన్నాను. "నీకు కావాల్సిన మనిషి అందులో ఉండుంటే బాగుండేది. నేనున్నాను."

పనికి టైమైందని లోపలికి వెళ్ళిపోయింది. బుధవారం రాలేదు. గురువారం వచ్చి నా గది తలుపు కొట్టి, ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంట్లో గడిపిన మూడు రోజుల్లో ఏం జరిగిందో చెప్పమంది. గుర్తున్నదంతా చెప్పాను. అమ్మ ఎలా నవ్వేదో చెప్పమంది. చెప్పాను. అమ్మ పేరు ఇప్పుడు గుర్తుందట, కానీ గొంతు గుర్తు లేదట. నాడీన్ గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఏదో అన్నాను. శుక్రవారం కూడా వచ్చింది. నాతో ఒహాయో రానంది. పాలాట్కాకీ రానంది, కానీ నీకు ఉత్తరం రాస్తానంది. ఎప్పుడని నేను అడగలేదు.

నిన్న ఆదివారం తన గదికి భోజనానికి రమ్మంది. వలలు అమ్మే కొట్టు పైన ఒక్క గది. రొయ్యలు వేయించింది, మొక్కజొన్న గంజి వండింది, రెండు కంచాలు పెట్టింది. కూర్చున్నాం. తినేముందు ప్రార్థనకని తను చేతులు జోడించింది, జోడించి అలాగే ఉండిపోయింది. కళ్ళు మూసుకోలేదు. నా వంక చూసింది, నేను తన వంక చూశాను. ప్రార్థన ఎవరు చేయాలో, ఎవరికి చేయాలో ఇద్దరికీ తోచలేదు. నన్ను చేయమంటుందేమోనని భయపడ్డాను. కింద వీధిలో ఎవరో నవ్వుకుంటూ పోయారు. గంజి మీద మీగడ కట్టింది.

చివరికి చేతులు విడదీసి చెంచా నా వైపు తోసింది. "చల్లారిపోతోంది, తిను నాన్నా" అంది.

తిన్నాం.

ఆరిన్